పిగిలిపిట్ట పురిటిల్లు

హైదరాబాదున అబిడ్సు అంగళ్లయెదుట, నాంపల్లి స్టేషనుదారిలో, ప్రొద్దుపొడుపు మొదలు నడిరేయివఱకు వాహనఘోష యెడతెగకున్నను, ఆ వీధుల వెనుకటి సందులలో ఇంకను కూలక నిలిచిన పాతలోగిళ్ల పెరళ్లలో జామచెట్టో, దానిమ్మగుబురో, మల్లెపందిరియో ఒకటి మిగిలియున్నయెడల, పబ్లిక్ గార్డెన్సు వృక్షముల నాశ్రయించినట్లే అచటను పిగిలిపిట్టల జంట కాపురము పెట్టుచున్నది. నల్లని తలపై కుఱుచసిగయు, తోకమొదట అడుగున ఎఱ్ఱనిమచ్చయు గల ఈ పక్షిని నగరమున బుల్‌బుల్ అనియే పెక్కురెఱుగుదురు. 1931-32లో పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించుటకై ఊరూర తిరుగవలసివచ్చినది. ఈ ఒక్క జంట గృహస్థధర్మమును గాంచుటకు మాత్రము వంటయింటి కిటికీ చాలును.

వేసవినుండి వానకాలమువఱకు, ఎండుగడ్డిపోచలను సన్ననివేళ్లను సాలెపట్టుతో బంధించి గిన్నెవలె అల్లిన గూటిలో, గులాబివన్నెపై ఎఱ్ఱమరకలు చిలికిన రెండుమూడు గ్రుడ్లుండును. రమారమి రెండువారములు పొదిగినపిమ్మట వెలువడు పిల్లలు కన్నులు తెఱవనివి, ఈకలు లేనివి. తలయెత్తి నోరు తెఱచుట యొక్కటే వానికి తెలిసిన విద్య. ఆ నోటి యెఱుపే తల్లిదండ్రులకు ఆజ్ఞ. తాము ముఖ్యముగా పండ్లు తిని బ్రదుకునవియే యైనను, పెరుగు దేహములకు మాంసకృత్తులు కావలయును గనుక, పిల్లలకు గొంగళిపురుగులను ఇతరకీటకములను ఏఱి తెచ్చి తినిపించును. నాకన్నిటికంటె ఆశ్చర్యము గొలుపునది గూటిశుభ్రత: పిల్లల మలము తెల్లనిపొరతో చుట్టబడి వెలికివచ్చును, పెద్దపక్షులు దానిని ముక్కున కఱచుకొని దూరముగా పాఱవేయును, కొన్నివేళల మ్రింగివేయును. గూడు రోగములపాలు గాకుండుటకును, శత్రువులకు జాడ తెలియకుండుటకును ఈ జాగ్రత్త.

శత్రువులన్న కాకియు పిల్లియు మాత్రమే కావు. ఛాయాచిత్రమునకై కొమ్మలు వంచువాడును శత్రువే. ఆకుమఱుగు తొలగిన గూడు కాకికంట బడును. మాటిమాటికి మనిషి చేరువైనచో తల్లి గ్రుడ్లను విడిచిపోవుటయు కలదు.

గూడు విడుచునప్పటికి పిల్లలు బాగుగా ఎగురలేవు. పొదక్రింద కూర్చున్న అట్టి పిల్లను అనాథయని తలచి, అట్టపెట్టెలో పెట్టి పాలు పట్టుట మహాపకారము. పక్షిదేహము పాలను జీర్ణించుకొనజాలదు, తల్లిదండ్రులు సమీపముననే యుండి ఆహారమందించుచునే యుండును. ఈకలు రాని పిల్ల జాఱిపడినచో మాత్రము మెల్లగా తిరిగి గూటిలో నుంచవలెను. మనుష్యస్పర్శ సోకిన పిల్లను తల్లి ముట్టదనుట అపోహ. ఒక జంటయే ఆ ఋతువున మరల గ్రుడ్లు పెట్టవచ్చును గనుక, పొదల కత్తిరింపును వానలు వెలసినవెనుక పెట్టుకొనుటయు, పెంపుడుపిల్లిని ఆ దినములలో ఇంటిలోపలనే యుంచుటయు ఆవశ్యకములు.