రంపం వెనకాల రెండో మనిషి

టింబర్ డిపోలో కోత మిషన్ దగ్గర మామూలుగా ఇద్దరుంటారు. ఒకరు చెక్కను ముందుకు తోస్తారు, ఇంకొకరు అవతలి వైపు నిలబడి కోసుకుంటూ వచ్చే కొసను అందుకుంటారు. తోసేవాళ్ళ పనితనాన్ని అందరూ మెచ్చుకుంటారు. అందుకునేవాళ్ళ పని ఎంత కీలకమో ఇంట్లో టేబుల్ సా పెట్టుకుని ఒంటిచేత్తో పని చేసుకునేవాళ్ళకు త్వరగా తెలిసొస్తుంది. రంపం వెనక అమర్చే మడత బల్ల ఆ రెండో మనిషి చోటులోకి వచ్చింది.

టేబుల్ సా బల్లలోంచి పైకి వచ్చే గుండ్రటి రంపం ఇంగ్లండ్‌లో పేటెంటు కాగితాలకెక్కింది 1777లో. సౌతాంప్టన్‌కు చెందిన సామ్యూల్ మిల్లర్ గాలిమర బలంతో నడిచే కోతయంత్రానికి పేటెంటు తీసుకుంటూ అందులో ఈ రంపాన్ని వర్ణించాడు. పైకీ కిందికీ ఆడే రంపం ఒక వైపు కోసి రెండో వైపు ఊరికే తిరిగి వస్తుంది. గుండ్రటి రంపానికి ఆ వృథా లేదు. 1800ల తొలి ఏళ్ళలో పోర్ట్స్‌మత్ నౌకా కేంద్రంలో ఓడల కప్పీల కోసం మార్క్ బ్రూనెల్ రూపొందించగా హెన్రీ మాడ్స్‌లే తయారుచేసిన యంత్రాల వరసలోనూ గుండ్రటి రంపాలున్నాయి. 1906లో జర్మనీలో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ చెక్కతో పాటే జరిగే బల్లను రంపానికి జోడించాడు. 1939లో అమెరికాలో డెల్టా కంపెనీ యూనిసా అనే టేబుల్ సా వచ్చింది. అందులో బల్ల మట్టంగానే ఉంటుంది, ఏటవాలు కోతకు బ్లేడే వంగుతుంది. ఈ మార్పులన్నీ బ్లేడు గురించీ, చెక్కను బ్లేడుకు అందించడం గురించీ. కోత అయ్యాక చెక్క ఎటు పోవాలన్నది చాలాకాలం సహాయకుడి చేతులకే వదిలేశారు. ఇంటి వర్క్‌షాపులో ఆ చేతులు లేవు.

లెక్క వేసి చూద్దాం. 18 మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు దాదాపు 32 కిలోలు తూగుతుంది. దాన్ని నిలువునా సగానికి కోస్తే ఒక్కో ముక్క 16 కిలోలు. బ్లేడు నుంచి బల్ల వెనక అంచు దాకా ఒక అడుగు ఉందనుకుందాం. కోత ముగిసే క్షణానికి ఏడడుగుల చెక్క గాల్లో ఉంటుంది. దాని గరిమనాభి బల్ల అంచుకు మూడడుగుల అవతల ఉంటుంది. అది వాలకుండా ఆపాలంటే అంచుకు ఒక అడుగు ఇవతల, అంటే బ్లేడు పక్కనే, చేత్తో 48 కిలోల బరువు పెట్టినంతగా నొక్కాలి. తిరుగుతున్న బ్లేడు పక్కన ఒంటరి మనిషి చేయకూడని పని ఏదైనా ఉందంటే అది ఇదే.

నొక్కకపోతే ఏమవుతుంది? అవతలి కొస వాలగానే మన వైపు కొస బల్ల మీంచి లేస్తుంది. బ్లేడు ముందు పళ్ళు బల్లలోకి దిగుతూ కోస్తాయి, వెనక పళ్ళు మాత్రం పైకి లేస్తూ మన వైపే వస్తుంటాయి. లేచిన చెక్క వాటికి తగిలితే ఎదురుగా నిలబడ్డ మనిషి మీదికే విసిరేస్తాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పళ్ళ వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. బ్లేడు వెనక నిలిపే సన్నని ఉక్కు రేకు, రైవింగ్ నైఫ్, కోసిన చీలిక మూసుకుపోకుండా ఆపుతుంది. అది ఉండి తీరాలి. అయితే చెక్క బరువును అది మోయలేదు.

ఇందాకటి లెక్కే బల్ల కొలతనూ చెబుతుంది. వెనక బల్ల మూడడుగులుంటే కోత చివర్లో షీటు గరిమనాభి సరిగ్గా దాని అంచు మీదికి వస్తుంది. కాబట్టి మూడడుగులు దాటాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రంపం ఎత్తు సుమారు 34 అంగుళాలు. 38 అంగుళాల పలకను రంపానికే తగిలించి కిందికి దించితే నేలకు తగిలి ఆగిపోతుంది. నాకు నచ్చిన పరిష్కారం దాన్ని రెండు ముక్కలు చేయడం. ఎనిమిది అంగుళాల పట్టీని రంపం వెనక శాశ్వతంగా బిగించి, దాని అంచుకు 30 అంగుళాల పలకను అంచు పొడవునా సాగే కీలుతో, అంటే పియానో హింజ్‌తో, తగిలించాలి. దించినా నేలకు నాలుగు అంగుళాల ఖాళీ ఉంటుంది. మోటారు వెనక్కి పొడుచుకొచ్చే రంపాలకు ఆ పట్టీ మోటారుకూ పలకకూ మధ్య చోటిస్తుంది.

హింజ్‌ను కింది వైపే బిగించాలి. పలకను దించినప్పుడు రెండు అంచులూ పైన విడిపోతాయి, ఎత్తినప్పుడు ఒకదానికొకటి ఆనుకుంటాయి. పైన సన్నని గీత తప్ప చెక్కకు అడ్డుపడేదేమీ ఉండదు. పలక రంపం బల్ల కన్నా ఒక మిల్లీమీటరు కిందుగా ఉండాలి, చెక్క ఎక్కే అంచును ఏటవాలుగా చిత్రిక పట్టాలి. ఎత్తు ఏమాత్రం ఎక్కువైనా కోత నడుమ చెక్క కొస తట్టుకుంటుంది. చెక్కను కోణంలో పట్టి నడిపే మైటర్ గేజ్ కడ్డీ బల్ల దాటి వెనక్కి వస్తుంది కాబట్టి, రంపం బల్ల మీది గాళ్ళను వెనక బల్లలోకీ కాస్త వెడల్పుగా కొనసాగించాలి.

వెనక బల్ల కాళ్ళు నేలకు ఆనాల్సిందే. రంపం ఒంటికే బ్రాకెట్లతో వేలాడదీస్తే, తేలికపాటి రంపం బరువైన షీటు రాగానే వెనక్కి ఒరుగుతుంది. కాళ్ళను పలక కిందికే మడిచేలా పెట్టి, తెరిచినప్పుడు ఐమూల బద్దతో లాక్ చేసి, పాదాలకు ఎత్తు సరిచేసే బోల్టులు పెడితే ఎగుడుదిగుడు నేల బెడద తీరుతుంది. కొందరు బల్లకు బదులు రోలర్ స్టాండు వాడతారు. నాకది నమ్మకంగా అనిపించదు. రోలర్ కాస్త వంకరగా ఉంటే చాలు, చెక్కను తన దారిలోకి లాగి, దాన్ని తిన్నగా నడిపే ఫెన్స్‌కు దూరం చేస్తుంది. నునుపైన పలకకు తనదంటూ ఒక దిక్కు లేదు.

ఆ నునుపు కోసం ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటిస్తారు. పైన ఒక్కటే అంటిస్తే కింది ముఖం మాత్రమే తేమ పీల్చి పలక వంగుతుంది, అందుకే రెండు వైపులా అంటించాలి. ముసురు పట్టిన రోజులు గడిచాక పొడవాటి తిన్నని బద్దను రంపం బల్ల మీంచి వెనక పలక దాకా ఆనించి చూసి, పాదాల బోల్టులను మళ్ళీ సరిచేసుకోవాలి.