గంతులు సరే... గాలీ, ఎండా చూశారా?

ప్రొద్దుటూరు దసరా ఎగ్జిబిషన్ కావచ్చు, జమ్మలమడుగు దగ్గర గండికోట ఉత్సవాలు కావచ్చు, పులివెందుల వైపు గండి ఆంజనేయస్వామి శ్రావణ శనివారాలు కావచ్చు. గాలి నింపిన బౌన్సీ కోట కనబడితే చాలు, పిల్లల కాళ్లు అక్కడే ఆగిపోతాయి.

ఆమధ్య మే నెలలో ఒక తండ్రి నాలుగేళ్ల పాపను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చారు. పాప అరికాళ్లు, మోకాళ్లు కమిలి బొబ్బలెక్కాయి. ‘నిప్పు తొక్కలేదు సార్, జంపింగ్ బెలూన్ మీదే ఆడింది’ అన్నారాయన. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఆడిందట! ఈ ఆటలో ప్రమాదం వాతావరణం నుంచి కూడా వస్తుంది. కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి ఆకాశం వైపు చూడండి.

ఎండ ఉంటే...

మన జిల్లాలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో ఉన్న ప్లాస్టిక్ షీటు గాలికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. గోడల మధ్య గాలి ఆడదు, పైగా పిల్లలు ఎగురుతూ ఉంటారు. అందుకే వడదెబ్బ త్వరగా తగులుతుంది.

* ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎక్కించవద్దు.
* ముందు మీ అరచేతి వెనకభాగాన్ని షీటుకు 5 సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే బిడ్డా ఓర్చుకోలేదు.
* పది నిమిషాలకోసారి దించి నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించండి.

గాలి వీస్తే...

అన్నిటికంటే పెద్ద ముప్పు ఇదే. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని డెవన్‌పోర్ట్‌లో ఒక బడి ఆవరణలో బౌన్సీ కోటను గాలి పైకెత్తేసింది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. అది తుఫాను కాదు, నేలమీద లేచిన సుడిగాలి. మన ఎండు మైదానాల్లో అలాంటి సుడిగాలులు మనం చూస్తూనే ఉంటాం.

గంటకు 38 కిలోమీటర్లు దాటిన గాలిలో వీటిని నడపకూడదని బ్రిటన్ నిబంధన. కొలిచే పరికరం లేకున్నా ఫరవాలేదు. చిన్న చెట్లు ఊగుతున్నాయంటే పిల్లల్ని దించేయాల్సిందే. కోటకు కనీసం ఆరు చోట్ల తాళ్లు, నేలలో లోతుగా దిగిన ఇనుప మేకులు ఉన్నాయో లేదో చూడండి. ఇటుకలకు, కుర్చీలకు కట్టి ఉంటే ఎక్కించవద్దు.

వాన పడితే...

తడిసిన షీటు మీద కాలు జారుతుంది. గాలి నింపే బ్లోయరు కరెంటుతో నడుస్తుంది కాబట్టి, తడి నేలమీద అతుకులేసిన వైరు ఉంటే షాక్ కొట్టవచ్చు. ఉరుము వినబడగానే దించండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. కరెంటు పోతే కోట పిల్లల మీద కుంగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కనే ఉండాలి.

ఏ కాలమైనా...

ఆరేళ్లలోపు వారిని పెద్దపిల్లలతో కలిపి ఎక్కించవద్దు. పెద్దవాడు దిగిన ఊపుకి చిన్నవాడు ఎగిరి పడి మోచేయి విరుగుతుంది.

జరగరానిది జరిగితే...

* కాలితే: 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు వద్దు.
* చేయి వాచి వంకరపోతే: లాగవద్దు, నాటుకట్టు కట్టించవద్దు. బిగుతు కట్టుతో రక్తప్రసరణ ఆగితే చేయి శాశ్వతంగా పాడవుతుంది. అట్టముక్క ఆసరాగా పెట్టి, కదలకుండా ఆసుపత్రికి తీసుకురండి.
* ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా ఉన్నా: అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి.

పిల్లల్ని ఆడనివ్వాల్సిందే, ఆట వారికి ఆరోగ్యం. ‘ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, రేపు ఎక్కుదువులే నాయనా’ అని చెబితే బిడ్డ కాసేపు ఏడుస్తుంది, అంతే. ఆ ఏడుపును భరించండి.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ