నాచు చారులో దొరికిన అయిదవ రుచి

రుచులు ఎన్ని అని అడిగితే మీరు తడుముకోకుండా ఆరు అని చెబుతారు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. శరీర ధర్మ శాస్త్రజ్ఞులు మాత్రం ఈ లెక్కను ఒప్పుకోరు. కారం నిజానికి రుచి కాదు, మంట. వగరు నోరు పట్టేసినట్లుండే స్పర్శ. ఈ రెండూ తీసివేస్తే మిగిలేవి నాలుగే. చాలాకాలం పాఠ్యపుస్తకాలు కూడా ఇదే మాట చెప్పాయి. కాని అయిదవ రుచి ఒకటి ఉందని 1908లో ఒక జపాను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆయనకు అది దొరికింది సముద్రపు నాచుతో కాచిన చారులో!

ఆ చారునూ, అందులో వేసుకొనే 'ఉదోన్' అనే నూడిల్స్‌నూ మనమే తయారుచేసి, ఆ రుచి సంగతేమిటో చూద్దాం.

కావలసినవి (ఇద్దరికి)

మైదా 200 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఎండిన కొంబు నాచు 8 గ్రాములు, ఎండిన వకామె నాచు ఒక చెంచా, సోయా సాస్ రెండు పెద్ద చెంచాలు. కొంబు, వకామె రెండూ గోధుమ రంగు శైవలాలే. తినడానికని అమ్మే పొట్లాలే కొనండి. తీరానికి కొట్టుకువచ్చిన నాచును ఏరి తెచ్చి వండకండి. పొయ్యి దగ్గరా, కత్తి దగ్గరా పెద్దల సహాయం తీసుకోండి.

నూడిల్స్

ఉప్పును 90 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, మైదాలో కొద్దికొద్దిగా పోసి పది నిమిషాలు గట్టిగా పిసకండి. మొదట పొడిపొడిగా ఉన్న పిండి క్రమంగా నున్నగా సాగుతుంది. కారణం ఏమిటి? గోధుమలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే మాంసకృత్తులు నీటితో కలిసి వలలాగా అల్లుకుంటాయి. ఈ వలే గ్లూటెన్. ఉప్పు దానిని మరింత బిగిస్తుంది. బియ్యపు పిండిలో గ్లూటెన్ లేదు కాబట్టి అది ఇలా సాగదు.

ముద్దపై తడిగుడ్డ కప్పి ఒక గంట ఉంచండి. బిగిసిన వల వదులవుతుంది. తరువాత 3 మిల్లీమీటర్ల మందంగా వత్తి, పొడిపిండి చల్లి, మడతపెట్టి సన్నని పట్టీలుగా కోయండి. వీటిని ఎక్కువ నీటిలో సుమారు పది నిమిషాలు ఉడికించి, వార్చి, చన్నీళ్ళతో కడగండి. పైన అంటుకున్న పిండి పదార్థం పోయి, పోగులు విడివిడిగా ఉంటాయి. పిండిలోని ఉప్పు చాలావరకు వార్చిన నీటిలోకే పోతుంది.

చారు

కొంబు మీద తెల్లని పొడి కనిపిస్తుంది. అది బూజు కాదు, మానిటాల్ అనే తియ్యని పదార్థం. కడగకుండా పైపైన తుడిచి, 800 మిల్లీలీటర్ల నీటిలో అరగంట నానబెట్టండి. తరువాత సన్నని మంటపై వేడిచేయండి. గిన్నె అడుగున చిన్న బుడగలు లేవగానే, నీరు మరగకముందే, నాచును తీసివేయండి. మరిగితే ఆల్జినిక్ ఆమ్లం దిగి చారు జిగురుగా మారుతుంది.

ఇప్పుడే, ఇంకేమీ కలపకముందే, ఒక గుక్క తాగండి. తీపి కాదు, పులుపు కాదు, చేదు అసలే కాదు. అయినా నోరంతా నిండి లాలాజలం ఊరుతుంది. దీనినే జపానువారు 'ఉమామి' అంటారు.

ఇకెడా అడిగిన ప్రశ్న

తరతరాలుగా జపానులో అందరూ తాగిన చారే ఇది. టోక్యో విశ్వవిద్యాలయంలో పనిచేసే కికునాయె ఇకెడా మాత్రం బాగుంది అని ఊరుకోలేదు. ఈ రుచికి కారణమైన పదార్థం ఏది అని ప్రశ్నించాడు. చారులోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేస్తూ పోగా చివరికి స్ఫటికాలు మిగిలాయి. అవి గ్లూటమిక్ ఆమ్లం!

ఇది కొత్త పదార్థమేమీ కాదు. 1866లోనే రిట్‌హౌసెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనిని గోధుమ గ్లూటెన్ నుంచి వేరుచేశాడు. అంటే మీరు పిసికిన పిండిలో కూడా ఇది కావలసినంత ఉంది. మరి ఉత్త నూడిల్స్‌కు ఆ రుచి ఎందుకు రాదు? గ్లూటెన్‌లో ఈ ఆమ్లం దండలో పూసలా బంధింపబడి ఉంటుంది. నాలుక గుర్తుపట్టేది విడిగా ఉన్నదానినే. కొంబులో అది విడిగా ఉండి నీటిలోకి దిగుతుంది. సోయా సాస్ పులిసేటప్పుడు సూక్ష్మజీవుల ఎంజైములు దండను తెంచి పూసలను విడదీస్తాయి.

జపాను వెలుపల చాలామంది శాస్త్రజ్ఞులు ఉమామిని వేరే రుచిగా చాలాకాలం అంగీకరించలేదు. 2002లో, గ్లూటమేట్‌ను గుర్తుపట్టే మాంసకృత్తి ఒకటి నాలుకపై ఉన్నట్లు పరిశోధకులు చూపారు. ఇకెడా మాట రుజువు కావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది!

వడ్డన

వకామెను అయిదు నిమిషాలు చన్నీళ్ళలో వేస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. గిన్నెలో నూడిల్స్ వేసి, సోయా సాస్ కలిపిన వేడి చారు పోసి, పైన వకామె వేయండి. జపాను వంట సిద్ధం!

ఒక హెచ్చరిక: కొంబులో అయొడిన్ అత్యధికం. మనకు రోజుకు కావలసింది సుమారు 150 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము కొంబులో దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు, అది చారులోకి కూడా దిగుతుంది. అయొడిన్ మితిమీరితే థైరాయిడ్ గ్రంథికి హాని. కాబట్టి ఎప్పుడో ఒకసారి మాత్రమే చేసుకోండి. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు దీని జోలికి పోవద్దు.

నాచు దొరకకపోతే నిరాశపడకండి. పండిన టమాటాలో కూడా గ్లూటమిక్ ఆమ్లం విడిగా ఉంటుంది. పచ్చి టమాటాతో ఒక చారు, బాగా పండినదానితో ఒక చారు, ఉప్పు సమానంగా వేసి కాయించండి. తేడా పులుపులోనేనా, ఇంకేమైనా ఉందా? మీ నాలుకనే అడిగి చూడండి.