నష్టానికి గట్టు ఎంత దూరంలో?

పూర్వం మన కుర్రవాళ్ళు చదువు ముగియగానే ఉద్యోగం వెతుక్కునేవారు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే సెల్‌ఫోనులో నిఫ్టీ ఫ్యూచర్లు కొంటున్నారు, అమ్ముతున్నారు. 2000 జూన్‌లో మన దేశంలో మొదలైన ఈ వ్యవహారం ఈనాడు వంటింటి గడపదాకా వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మూడేళ్ళ లెక్కలు తీసి, ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ తేల్చింది. తలకు సగటున సుమారు 2 లక్షల రూపాయలు!

ఇంట్లో మందలిస్తే వచ్చే సమాధానం ఒకటే: "స్టాప్‌లాస్ పెట్టాను లెండి నాన్నగారూ, భయంలేదు." ఆ మాటలో భరోసా ఎంతో పెద్దవాళ్ళు కూడా తెలుసుకోవడం మంచిది.

నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల వాటాల ధరలతో కట్టిన సూచీ. అది పెరుగుతుందని ఫ్యూచరు కొన్నవాడు, ఒకవేళ పడితే ఫలానా ధర దగ్గర అమ్మేయమని ముందే ఆర్డరు పెట్టి ఉంచుతాడు. అదే స్టాప్‌లాస్. కొన్న ధరకూ దానికీ మధ్య ఎడం ఎంత ఉండాలన్నదే చిక్కు.

కృష్ణకు కరకట్ట నీటి అంచున కట్టరు. ఏరు మామూలుగా పొంగి తీసే మేర వదిలి, అవతల కడతారు. సూచీకీ రోజూ ఒక ఆటుపోటు ఉంటుంది. దాన్ని కొలిచే పద్ధతిని అమెరికాలో వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో వివరించాడు. ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల తేడా ఒకటి. నిన్నటి ముగింపు నుంచి నేటి గరిష్ఠానికి ఒకటి, కనిష్ఠానికి ఒకటి. మూడింటిలో పెద్దది తీసుకుని, 14 రోజులకు సగటు కట్టాలి.

మాటవరసకు నిఫ్టీ 24,000 దగ్గర ఉందనీ, ఆ సగటు 250 పాయింట్లనీ అనుకుందాం. నాలుగు రోజులు ఉంచుకుందామని కొని, 60 పాయింట్ల దిగువన స్టాప్ పెట్టినవాణ్ణి సూచీ తన మామూలు ఊగిసలాటలోనే బయటికి నెట్టేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ వెంటనే అతను ఊహించినట్టే పైకి పోతుంది! మార్కెట్టు పగబట్టిందంటాడు. పగేమీ లేదు, గుడిసె ఏటి నడుమ వేసుకున్నాడు.

అంచేత చాలామంది సగటుకు రెట్టింపు, అంటే 500 పాయింట్లు, ఎడం ఇస్తారు. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. లాటుకు 75 చొప్పున (2025 మధ్యలో ఉన్న లెక్క ఇది, ఎక్స్ఛేంజి దీన్ని మారుస్తూంటుంది) నష్టం 37,500 రూపాయలు. ఒక్క బేరంలో మూలధనంలో నూటికి 2 కు మించి పోగొట్టుకోరాదనుకుంటే, ఒక్క లాటుకే 18,75,000 రూపాయలు ఉండాలి. 3 లక్షలున్న కుర్రవాడు పోగొట్టుకోదగినది 6,000 రూపాయలు. అంటే 80 పాయింట్లు. ఒక రోజు ఊగిసలాటలో అది మూడోవంతైనా కాదు. అయినా ఆ 80 దగ్గరే స్టాప్ పెట్టి దిగుతాడు. నా ఉద్దేశంలో తప్పంతా ఇక్కడే ఉంది. ఎడం సూచీని చూసి నిర్ణయించాలి, లాట్లు జేబును చూసి నిర్ణయించాలి. లెక్కలో ఒక్క లాటు కూడా రాకపోతే సున్నా లాట్లు. సున్నా కూడా అంకేగదా!

ఇంత జాగ్రత్తపడ్డా గట్టు తెగే రోజులున్నాయి. 2020 మార్చి 20, శుక్రవారం నిఫ్టీ 8,745 దగ్గర ముగిసింది. సోమవారం తెరవడమే దాదాపు 800 పాయింట్ల దిగువన తెరిచారు. 500 దిగువన అమ్ముదామనుకున్నవాడికి ఆ ధర కంటికైనా కనపడలేదు. 10 శాతం పడగానే వ్యాపారం 45 నిమిషాలు ఆపారు. మళ్ళీ మొదలెట్టాక ఇంకా జారి, మొత్తం 1,135 పాయింట్లు పోగొట్టుకుని ముగిసింది. 'ఇంతకు తక్కువకు అమ్మవద్దు' అని స్టాప్‌తోపాటు పరిమితి ధర కూడా పెట్టుకున్నవారిలో, ఆ ధర మార్కెట్టుకు పైన మిగిలిపోయినవారి ఫ్యూచర్లు అసలు అమ్ముడే పోలేదు.