హలాల్ ఆహారం – ప్రయాణంలో ఏ ఫ్రిజ్ మేలు?

దివ్య ఖుర్ఆన్ మన ఆహారం హలాల్‌గానే కాక, తయ్యిబ్‌గా, అంటే పరిశుద్ధంగా కూడా ఉండాలని ఆదేశించింది. జబీహా మాంసమైనా చెడిపోతే తయ్యిబ్ కాజాలదు.

అమెరికాలో స్థిరపడి, ఆర్‌వీ వాహనాల్లో జాతీయ వనాలకు వెళ్లే మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇది ముఖ్యమైన విషయం. దారిలో అంతటా హలాల్ మాంసం లభించదు. ఇంటి నుండే తీసుకువెళ్లాలి.

ఆ వాహనాల్లో ఉండే ఫ్రిజ్‌లలో రెండు రకాలను చూద్దాం. ఇళ్లలో వాడే కంప్రెసర్ ఫ్రిజ్ త్వరగా చల్లబరుస్తుంది. దానిలో చోటూ ఎక్కువే. కానీ దానికి 120 వోల్టుల కరెంటు కావాలి. కరెంటు లేనిచోట ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీలు తప్పనిసరి. ప్రొపేన్ ఫ్రిజ్‌లో గ్యాస్ మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేయగా చల్లదనం పుడుతుంది. దానికి కరెంటు స్వల్పంగా చాలు. అయితే అది నెమ్మదిగా చల్లబడుతుంది, తీవ్రమైన ఎండలో బలహీనపడుతుంది. వాహనాన్ని సమతలంపై నిలపాలి.

కరెంటు ఉన్న విడిదుల్లో బసచేసేవారికి మొదటిది, అడవుల్లో రోజుల తరబడి ఉండేవారికి రెండవది మేలని మేము భావిస్తున్నాము. ఏదైనా సరే, ముందురోజే నడిపించి, లోపలి వేడి 4 డిగ్రీల సెల్సియస్ దాటలేదని థర్మామీటరుతో నిర్ధారించుకున్నాకే మాంసం ఉంచాలి. నిర్లక్ష్యంతో పారబోసే ప్రతి ముద్దా దుబారాయే. అల్లాహ్ మనలను దాని నుండి కాపాడుగాక! ఆమీన్.