విత్తుపూట ట్రాక్టరు లిఫ్టు లేవకున్నచో

ఆరుద్ర, పునర్వసు కార్తెలలో మబ్బుకొరకు ఎదురుచూచు అనంతపురము రైతులకు పదును విలువ చెప్పనక్కరలేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ ఇది. లోతులేని ఎర్రనేలలో పదును త్వరగా ఆరిపోవును. ఆ పూట ట్రాక్టరుకు వేరుశనగ గొర్రు తగిలించి మీట లాగగా లిఫ్టు కదలకున్నచో, మెకానిక్కు వచ్చులోగా అదను దాటవచ్చును. కావున మీరే చూడదగినవి కొన్ని తెలిసికొనుడు.

ఇంజను త్రిప్పు పంపు నూనెను ఒత్తిడితో సిలిండరులోనికి నెట్టును. పిస్టను కదలి లిఫ్టు చేతులను పైకెత్తును. గోదాములో బస్తాలెత్తు ఫోర్కులిఫ్టునకును ఆధారము ఈ నూనె ఒత్తిడియే.

మొదట గొర్రు విప్పి ఖాళీ చేతులు లేపి చూడుడు. అవియు లేవనిచో, బండిని చదునున నిలిపి నూనెమట్టము చూడవలెను. కొన్ని ట్రాక్టర్లలో పంపు పి.టి.ఓ. ఇరుసుతో తిరుగును. ఆ మీట న్యూట్రలులో నున్నచో లిఫ్టు లేవదు. గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకు? ముందు ఆ మీట చూడుడు. తరువాత నూనె జల్లెడ మూసుకొన్నదేమో చూడవలెను. నూనె నురగకట్టిన గాలి చేరినదనియు, పాలవలె తెల్లబడిన నీరు కలిసినదనియు గ్రహింపుడు.

ఖాళీగా లేచి గొర్రుతో లేవనిచో విత్తనము, ఎరువు పెట్టెల బరువు తగ్గించి చూడుడు. అప్పటికిని లేవనిచో పంపు అరిగియుండవచ్చును, లేదా రిలీఫు వాల్వు కారుచుండవచ్చును. అది మెకానిక్కు పని.

లేచిన గొర్రు మెల్లగా జారుచున్నచో పిస్టను సీలో, వాల్వో చెడినది. ఇందుకై ఆనాటి విత్తు ఆపనక్కరలేదని మా అభిప్రాయము. లోతు చక్రములపై ఆనిన గొర్రును మలుపులలో మాత్రమే లేపవలసియుండును. విత్తు ముగిసిన పిదప బాగుచేయించుకొనవచ్చును. ఇక, లేచినది దిగకున్నచో, దింపుడు వేగమును సవరించు మర బిగిసియున్నదేమో చూడుడు.

క్రొత్త యంత్రములలో డాష్‌బోర్డుపై దోషపు అంకె కనబడును. తాళము తీయుటకు ముందే దానిని వ్రాసికొనుడు. అది దోషమున్న చోటు చూపును గాని కారణము చెప్పదు. బ్యాటరీ బలహీనమైనను, తీగ వదులైనను అంకె వెలుగవచ్చును.

ఎత్తిన గొర్రు క్రింద ఎన్నడును దూరవద్దు. గొర్రు నేలకు దించి, ఇంజను ఆపిన పిమ్మటనే చేయి పెట్టవలెను. గొట్టము కారుచున్నదా అని వ్రేలితో తడుమవద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడుడు. ఒత్తిడిగల నూనె చర్మములోనికి చొచ్చినచో గాయము చిన్నదైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.