లెక్కలవారి పార్లమెంటు

2010 ఆగస్టు 19న హైదరాబాదులో జరిగిన వేడుక పాఠకులలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభ మొట్టమొదటిసారిగా భారతదేశంలో కొలువుదీరిన రోజది. నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ నలుగురు యువ గణితజ్ఞులకు ఫీల్డ్స్ పతకాలను బహూకరించారు. మరునాడు పత్రికలన్నీ ఆ ఛాయాచిత్రాలను ప్రచురించాయి. అయితే పెళ్ళిపందిరికి వచ్చిన అతిథులకు, అంతకుముందు పెద్దలు కూర్చుని మాట్లాడుకొన్న మాటలు తెలియవు గదా! ఆ మాటలు జరిగినది హైదరాబాదులో కాదు, బెంగుళూరులో. ఆగస్టు 16, 17 తేదీలలో అనేక దేశాల ప్రతినిధులు అక్కడ సమావేశమై, అంతర్జాతీయ గణిత సమాఖ్యకు రాబోయే నాలుగేండ్ల అధ్యక్షురాలిగా ఇంగ్రిడ్ డోబెషీని ఎన్నుకొన్నారు. ఆ పదవికి ఒక స్త్రీ ఎన్నిక కావడం అదే ప్రథమం. అంతవరకు కార్యదర్శి ఏ ఊరిలో ఉంటే ఆ ఊరికి తరలిపోతూ వచ్చిన సమాఖ్య కార్యాలయానికి బెర్లిన్ నగరంలో స్థిరమైన చిరునామా ఏర్పరచాలన్న నిర్ణయం కూడ అక్కడిదే.

ఈ సమాఖ్యలో ఎంతటి మేధావికైనా వ్యక్తిగా సభ్యత్వం లేదు. సభ్యులు దేశాలే. ప్రతి దేశం పక్షాన అక్కడి విజ్ఞాన పరిషత్తో, గణిత సంఘమో, మరేదైనా జాతీయ సంస్థో సమాఖ్యలో చేరుతుంది. ఇట్లా చేరిన దేశాలు నేడు ఎనభైకి మించి ఉన్నాయి. వీటిని ఐదు తరగతులుగా విభజించారు. మొదటి తరగతి దేశానికి ఒక వోటు, ఐదవ తరగతి దేశానికి ఐదు వోట్లు. చందా కూడ తరగతిని బట్టి పెరుగుతుంది. అయితే వోట్లకంటే వేగంగా పెరుగుతుంది. ఐదు వోట్లు గల దేశం, ఒక వోటు గల దేశం చెల్లించేదానికి ఐదు రెట్లు కాదు, అంతకంటే ఎక్కువే చెల్లించవలసి ఉంటుంది. వోటు హక్కు లేకుండ, చందా భారమూ లేకుండ సహసభ్యులుగా ఉన్న చిన్న దేశాలు కూడ కొన్ని కలవు.

ఇది సమంజసమేనా అని పాఠకుడు అడుగవచ్చు. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో చిన్న దీవికైనా, మహాదేశానికైనా ఒకటే వోటు. ఇక్కడ ఈ తారతమ్యం ఎందుకు? తరగతిని నిర్ణయించేది జనసంఖ్యా కాదు, సైనికబలమూ కాదు. ఆ దేశంలో గణిత పరిశోధన ఏ స్థాయిలో ఉన్నదన్న విషయం. పైగా అది శాశ్వతమైన నుదుటివ్రాత కాదు. బ్రెజిల్ దేశం దశాబ్దాల కృషితో మెట్టు మెట్టుగా ఎదిగి, 2018లో ఐదవ తరగతిలో స్థానం సంపాదించింది. అదే సంవత్సరం మహాసభ రియో డి జనీరోలో జరిగింది. ఏమైనా, గణితం చెప్పేవారు వోట్లను కూడ తూకం వేసి పంచుకొన్నారనడంలో కొంత చమత్కారం లేకపోలేదు.

సర్వసభ్య సమావేశం నాలుగేండ్లకొకసారి, మహాసభకు ముందు, సాధారణంగా మరొక నగరంలో జరుగుతుంది. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, మరి ఆరుగురు సభ్యులు గల కార్యనిర్వాహక సంఘాన్ని ఎన్నుకొనేది ఆ సమావేశమే. మాజీ అధ్యక్షుడు పదవిరీత్యా ఆ సంఘంలో కొనసాగుతాడు. గణిత బోధనకు, వర్ధమాన దేశాలలో గణితాభివృద్ధికి వేరువేరు ఉపసంఘాలున్నాయి.

ఇంతవరకు చూస్తే ఇది ఏ సహకార సంఘం నిబంధనావళిలోనైనా కనిపించే వ్యవహారమే అనిపిస్తుంది. కాని ఈ నిబంధనల వెనుక ఒక చేదు అనుభవం ఉన్నది.

సమాఖ్య మొదట ఏర్పడినది 1920లో, స్ట్రాస్‌బర్గ్ నగరంలో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి రెండేండ్లయినా కాలేదు. ఆ నగరం అంతకుముందే జర్మనీ చేతినుండి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. విజేతల ఆగ్రహం చల్లారలేదు. జర్మనీ, ఆస్ట్రియా తదితర పరాజిత దేశాల గణితజ్ఞులకు సమాఖ్యలో గాని, మహాసభలో గాని ప్రవేశం లేదని శాసించారు. 1924లో టొరంటోలో జరిగిన మహాసభలోనూ ఇదే నిషేధం. ఆ సభను నిర్వహించినది కెనడా గణితజ్ఞుడు జాన్ చార్లెస్ ఫీల్డ్స్. నిషేధాన్ని తొలగించాలని అమెరికా ప్రతినిధులు అక్కడ తీర్మానం ప్రతిపాదించారు. కొన్ని దేశాలు బలపరిచాయి. అయినా వెంటనే ఫలితం కలుగలేదు.

1928లో ఇటలీలోని బొలోన్యాలో సభ జరిగినపుడు, సమాఖ్య అధ్యక్షుడైన సాల్వతోరె పింకెర్లే సాహసించారు. దేశభేదం లేకుండ గణితజ్ఞులందరినీ ఆహ్వానించారు. ఇపుడు ఆటంకం రెండవ వైపునుండి వచ్చింది. ఇన్నాళ్ళూ గెంటివేసినవారి గడప మనమెందుకు త్రొక్కాలని జర్మనీలో కొందరు బహిష్కరణోద్యమం లేవదీశారు. వృద్ధుడు, అస్వస్థుడు అయిన డేవిడ్ హిల్బర్ట్ వారి మాటను త్రోసిపుచ్చి, అరవైకి పైగా జర్మన్ గణితజ్ఞులను వెంటబెట్టుకొని బొలోన్యాకు తరలివెళ్ళారు. వారు సభామందిరంలో అడుగుపెట్టగా సభ్యులు కరతాళ ధ్వనులతో స్వాగతం పలికారు. సభ నిలిచింది గాని, సమాఖ్య నిలువలేదు. పింకెర్లే అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. 1932లో జూరిక్‌లో సమాఖ్య కార్యకలాపాలనే నిలిపివేశారు. వెలివేతతో పుట్టిన సంస్థ పన్నెండేండ్లకే అంతరించింది.

జూరిక్ సభకు కొద్ది వారాల ముందు ఫీల్డ్స్ కన్నుమూశారు. టొరంటో సభలో మిగిలిన ధనంతో, తన వీలునామాలో వ్రాసిన సొమ్ముతో గణితంలో పతకాలు నెలకొల్పాలని ఆయన సంకల్పం. పతకంపై ఏ దేశం పేరు గాని, ఏ సంస్థ పేరు గాని, ఏ వ్యక్తి పేరు గాని ఉండరాదని ఆయన కోరిక. నిషేధపు నీడలో సభ నడిపిన మనిషి ఇట్లా కోరడంలో ఆశ్చర్యమేమున్నది? 1936లో ఆస్లోలో తొలి పతకాలు ఇచ్చారు. లోకం మాత్రం వాటిని ఫీల్డ్స్ పేరుతోనే పిలుస్తున్నది!

రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1950లో న్యూయార్కులో సమావేశమైన గణితజ్ఞులు పాత పొరపాటు మళ్ళీ చేయలేదు. అన్ని దేశాలకూ తలుపులు తెరచి కొత్త నిబంధనావళి వ్రాసుకొన్నారు. పది దేశాలు చేరిన పిమ్మట, 1951 సెప్టెంబరు 10న సమాఖ్య పునర్జన్మ పొందింది. మరుసటేడు రోములో తొలి సర్వసభ్య సమావేశం జరిగింది.

ఈ కొత్త సంస్థను నిలదొక్కుకొనేటట్లు చేసినవారిలో మన తెలుగుగడ్డపై పుట్టినవారొకరున్నారు. 1920లో మచిలీపట్నంలో జన్మించి, బాపట్లలో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి ప్రిన్స్‌టన్‌కు వెళ్ళిన కొమరవోలు చంద్రశేఖరన్ బొంబాయి టాటా పరిశోధన సంస్థలో గణిత విభాగాన్ని తీర్చిదిద్దారు. తరువాత జూరిక్‌లో ఆచార్యులైనారు. 1961 నుండి 1966 వరకు సమాఖ్య కార్యదర్శిగా, 1971 నుండి 1974 వరకు అధ్యక్షులుగా వ్యవహరించారు. ప్రచ్ఛన్నయుద్ధం ప్రబలంగా ఉన్న ఆ రోజులలో, 1966 మహాసభ మాస్కోలో జరగడానికి కావలసిన ఉత్తరప్రత్యుత్తరాలు కార్యదర్శి బల్లమీదుగా సాగవలసినవే. 2017లో జూరిక్‌లో మరణించిన ఆయన పేరు తెలుగు విద్యార్థులలో ఎందరికి తెలుసునో!

తలుపులు తెరచి ఉంచడం చెప్పినంత సులభం కాదు. చైనా విషయమే చూడండి. బీజింగు, తైపే నగరాల గణిత సంఘాలలో ఏది చైనాకు ప్రతినిధి? ఈ చిక్కుముడి 1986లో వీడింది. చైనా పేరిట ఐదు వోట్లు. అందులో మూడు బీజింగు సంఘానికి, రెండు తైపే సంఘానికి. రాజనీతిజ్ఞులకు కొరుకుడుపడని సమస్యకు లెక్కలవారు కూడిక లెక్కతో సమాధానం చెప్పారు.

అంతకు నాలుగేండ్ల ముందు మరొక పరీక్ష ఎదురైంది. 1982 మహాసభ పోలెండు రాజధాని వార్సాలో జరుగవలసి ఉండగా, 1981 డిసెంబరులో అక్కడ సైనికశాసనం విధించారు. సభను రద్దుచేయాలని కొందరు, పోలిష్ గణితజ్ఞులను ఒంటరివారిని చేయరాదని కొందరు వాదించారు. కార్యనిర్వాహక సంఘం సభను ఏడాదిపాటు వాయిదావేసింది. సైనికశాసనం 1983 జులైలో తొలగింది. మహాసభ ఆగస్టులో జరిగింది. 1982లోనే ప్రకటించిన పతకాలను గ్రహీతలు అక్కడ అందుకొన్నారు.

2022లో మాత్రం వేచిచూచే అవకాశం లేకపోయింది. సభ రష్యాలోని సెంట్‌పీటర్స్‌బర్గ్‌లో జరుగవలసి ఉన్నది. ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తాయి. 26వ తేదీనాటికే కార్యనిర్వాహక సంఘం నిర్ణయం వెలువడింది: సభ రష్యాలో జరుగదు, ఉపన్యాసాలు ఇంటర్నెట్ ద్వారా సాగుతాయి. సర్వసభ్య సమావేశం, పతక ప్రదానం హెల్సింకీకి మారాయి. ఆ జులైలో అక్కడ పతకం అందుకొన్న నలుగురిలో ఉక్రెయిన్ బిడ్డ మరీనా వ్యాజోవ్‌స్కా ఒకరు.

ఆ పతకాలను నిర్ణయించే సంఘం సభ్యుల పేర్లు, అధ్యక్షుని పేరు తప్ప, మహాసభ జరిగేవరకు గోప్యంగా ఉంటాయి. గ్రహీత వయస్సు ఆ సంవత్సరం జనవరి 1 నాటికి నలభై నిండి ఉండరాదు. ఇన్ని నియమాలు వ్రాసుకొన్నవారికి, పతకం వద్దనే మనిషి ఎదురైతే ఏమి చేయాలో మాత్రం ఏ నియమమూ చెప్పలేదు. 2006లో గ్రిగోరీ పెరెల్మాన్ వద్దన్నారు. నచ్చజెప్పడానికి నాటి అధ్యక్షుడు జాన్ బాల్ స్వయంగా సెంట్‌పీటర్స్‌బర్గ్ వెళ్ళి, రెండు రోజులలో పది గంటలపాటు ఆయనతో మాట్లాడారు. పెరెల్మాన్ మర్యాదగానే విన్నారు, మనసు మార్చుకోలేదు. మాడ్రిడ్ సభలో నాలుగు పేర్లు చదివారు. వేదికపైకి ముగ్గురే వచ్చారు.